మధ్యలో ఎవరి దగ్గరుంటుంది?

ఏలూరు బస్టాండు బయట మొన్న ఒకమ్మాయి నా చేతిలో రంగుల కాయితం పెట్టింది. పెద్ద గొడుగు, దాని కింద మడతబల్ల, బల్లమీద వేలిముద్ర తీసుకునే చిన్న మిషను. "నంబరు అదే ఉంటుందండి, కంపెనీ ఒక్కటే మారుతుంది. ఆధార్ కార్డుంటే రెండు నిమిషాల పనండి" అంది. నవ్వుమొహం పిల్ల. నేను ఆ కాయితాన్ని అడుగునుంచి చదవడం మొదలుపెట్టాను. పైన పెద్ద అక్షరాల్లో ఏముందో నేనెప్పుడూ ముందు చూడను. అడుగున చీమల బారులా ఉన్నవి పూర్తిచేసి తలెత్తి, "ఇందులో మీకేంటమ్మా?" అని అడిగాను.

ఆ అమ్మాయి నవ్వు ఆగిపోయింది. నేనూ ఉలిక్కిపడ్డాను. ఆ మాట నాది కాదు. కలిదిండిలో తాళ్ళ కొట్టు అమ్మగారిది. ఆవిడ పోయి ఆర్నెల్లయింది.

చేపల చెరువులకు కావలసిన సరుకు అమ్మే కొట్టు ఆవిడది. నైలాన్ తాళ్ళు, వలలు, వలను తేల్చే బెండ్లు, ముంచే సీసపు గుళ్ళు, టార్పాలిన్లు. భర్త పోయాక ఒక్కరే నడిపారు. పిల్లలు లేరు. నేను ఆ కొట్టు వెనక వరండాలో కూర్చుని వలలకు బెండ్లూ గుళ్ళూ కట్టేదాన్ని, చిరిగినవి బాగుచేసేదాన్ని. కొల్లేటి లంకలో పుట్టినదాన్ని కనక ఆ పని చిన్నప్పుడే చేతికొచ్చింది. అక్షరాలు మాత్రం యాభై దాటాక గాని రాలేదు.

ఆవిడ దేన్నీ మొదటిసారి నమ్మేవారు కాదు. రెండోసారి అసలే నమ్మేవారు కాదు, "మళ్ళీ అదే చెబుతున్నాడంటే బట్టీపట్టి వచ్చాడన్నమాట" అనేవారు. ఏలూరు వెళ్తుంటే పక్కకొట్టు వాళ్ళకు భీమవరం అని చెప్పేవారు. నడుముకి ఒక తాళంచెవుల గుత్తి వేలాడుతుండేది. అందులో ఒక్కటీ ఏ తాళానికీ పట్టదు. అసలు తాళంచెవులు నా వలల గుట్టలో, బెండ్ల మధ్య ఉండేవి. ఆ చోటు నాకు తెలుసని ఆవిడకు తెలుసు. ఆవిడకు తెలుసని నాకూ తెలుసు. ఆ మాట మేమెప్పుడూ అనుకోలేదు.

కొత్త తాడు వస్తే ముందు ఒక పోగు లాగి అగ్గిపుల్లతో కాల్చి వాసన చూసేవారు. తర్వాత పురి విప్పేవారు. పైన కొత్త పోగులు వేసి లోపల పాతవి పెట్టి పేనేవాళ్ళుంటారు. ఆ పురి విప్పేటప్పుడు ఆవిడ కళ్ళు సగం మూసుకుని, పెదాలు లోపలికి లాక్కుని, ఎవరిమీదో నేరం రుజువు చేస్తున్నట్టు ఉండేవారు. తాడు మంచిదని తేలితే కాస్త నిరాశపడేవారు కూడా.

"ఇందులో వాడికేంటి?" అన్నది ఆవిడ ఊతపదం. డాక్టరు టానిక్ రాస్తే, ఇందులో ఆయనకేంటి? పంతులుగారు ఫలానా రోజు మంచిదంటే, ఆ రోజులో ఆయనకేంటి? ఎవరైనా మామిడిపళ్ళ బుట్ట పంపిస్తే సాయంత్రందాకా గుమ్మం బయటే ఉంచి, ముందు ఒక పండు నాకు కోసిచ్చి, నేను తింటుంటే నా మొహం చూసి, తర్వాత ఆవిడ తినేవారు. చాలాకాలం అది నామీద ప్రేమ అనుకున్నాను.

ఫోన్ నంబరు ఎవరైనా నోటితో అడిగితే ఒక అంకె తప్పు చెప్పేవారు. అదే నంబరు కొట్టు బోర్డుమీద జానెడేసి అంకెల్లో రాయించి ఉంది. ఇదేంటండీ అని ఒకసారి అడిగాను. "బోర్డు చూసి చేసేవాడు తాడు కొంటాడు. అడిగి రాసుకునేవాడు ఏం కొంటాడే?" అన్నారు.

నాలుగేళ్ళ కిందట ఎండాకాలంలో కొట్లో సిగ్నలు పోయింది. అంతకుముందు గల్లాపెట్టె దగ్గర కూర్చునే మాట్లాడేవారు. ఆ ఏడు గుమ్మం దిగి, రోడ్డు దాటి, కాలవ గట్టెక్కితే గాని మాట వినిపించేది కాదు. చెరువులో చేపలు పట్టే పట్టుబడి రోజున వల తాడు తెగితే రైతులు అప్పటికప్పుడు ఫోన్ చేస్తారు. ఫోన్ కలవకపోతే ఇంకో కొట్టుకు చేస్తారు. అలా నాలుగు పట్టుబడులు చేజారాక కంపెనీ మారక తప్పదనుకున్నారు. నంబరు మాత్రం మారడానికి వీల్లేదు. అది బోర్డుమీద ఉంది. చెరువు గట్లమీద కాపలా పాకల తలుపుల మీద బొగ్గుతో రాసి ఉంది. కొల్లేటి చుట్టూ ఎన్ని తలుపుల మీద ఉందో ఆవిడకే తెలీదు.

మారదామంటే రెండు కంపెనీలు కనబడ్డాయి. సెంటర్లో గొడుగు వేసుకుని కూర్చున్న కంపెనీ ఒకటి. టోపీలు పెట్టుకుని ఇంటింటికీ తిరిగే కంపెనీ ఇంకొకటి. వాటి అసలు పేర్లు ఆవిడ ఎప్పుడూ పలకలేదు. గొడుగు, టోపీ. అంతే.

ముందు గొడుగతను కొట్టుకొచ్చాడు. రెండు మూడు రోజుల్లో నంబరు మా కంపెనీలోకి వచ్చేస్తుందండి అన్నాడు.

"రెండు మూడు రోజులా? పాత కంపెనీ వదిలేసి మీ దగ్గర చేరేలోపల, ఆ మధ్యలో నా నంబరు ఎవరి దగ్గరుంటుంది?"

"ఎవరి దగ్గరా ఉండదండి."

"ఎవరి దగ్గరా లేనిది మళ్ళీ ఎలా వస్తుందయ్యా?"

"సిస్టంలో ఉంటుందండి అమ్మగారూ."

"ఆ సిస్టం ఎవరింట్లో ఉంది?"

అతను నా వైపు చూశాడు. నేను వల వైపు చూశాను. టోపీ అతన్నీ అదే అడిగారు. అతను పై ఆఫీసుకు ఫోన్ చేసి కనుక్కుంటానని కాలవ గట్టు మీదికి వెళ్ళి, అటునుంచి అటే వెళ్ళిపోయాడు. సరుకు కోసం తాడేపల్లిగూడెం వెళ్ళినప్పుడు అక్కడి ఫోన్ల షాపులో అడిగారు. ఉంగుటూరు దగ్గర బస్సులో పక్క సీట్లో కూర్చున్న స్కూలు మేష్టారిని అడిగారు. ఆయన తన బడి గురించి మాట్లాడటం మొదలుపెట్టారు. ఎవరూ చెప్పలేకపోయారు.

చెప్పలేకపోతే పోనీ, ముందు ఏ కంపెనీ మాట గట్టిగా వినిపిస్తుందో చూద్దామన్నారు. ఆవిడకు తాడు తప్ప ఇంకో కొలత రాదు. ఎర్ర తాడు గొడుగుకి, పచ్చ తాడు టోపీకి. గుమ్మానికి ఒక కొస కట్టి, ఆ కంపెనీ ఫోన్ ఎవరిదగ్గరో అడిగి తెచ్చి, మాట్లాడుతూ నడిచి, మాట తెగినచోట ముడివేసి, వెనక్కి వచ్చి బారలు కొలిచేవారు. నేను తాడు వదులుతూ వెనక నడిచేదాన్ని. సెంటర్లో జనం ఏం కొలుస్తున్నారమ్మగారూ అంటే, "కాలవ" అని చెప్పేవారు. మర్నాటికి కాలవ వెడల్పు చేస్తారట, కొట్లు పోతాయట అని పుకారు పుట్టింది. ఆవిడ దాన్నీ నమ్మి రెండురోజులు కంగారుపడ్డారు.

రెండో పరీక్ష అత్తిలిలో ఉన్న చెల్లెలుగారితో. గొడుగు ఫోన్లో చేసి, "ఏం కూర?" అని అడిగారు. దోసకాయ అన్నారు చెల్లెలుగారు. అయిదు నిమిషాల తర్వాత టోపీ ఫోన్లో అదే ప్రశ్న. ఆ చెల్లెలుగారిది అక్కకు పూర్తిగా ఎదురు స్వభావం, ఎప్పుడూ వేళాకోళమే. ఈసారి బీరకాయ అన్నారు. ఆవిడ ఫోన్ చెవికి దూరంగా పట్టుకుని దానివైపు కాసేపు చూశారు.

"విన్నావా? అందులో దోసకాయ, ఇందులో బీరకాయ. ఎవడో మధ్యలో మారుస్తున్నాడు."

చెల్లెలుగారు వేళాకోళం ఆడుతున్నారేమోనండి అన్నాను. దానికి ఇందులో ఏంటి లాభం, అన్నారు.

ఆ వారంలోనే టవర్లెక్కే మనిషి నడుముకు కట్టుకునే తాడు కొనడానికి వచ్చాడు. మాటల్లో చెప్పాడు, ఈ ఊళ్ళో అన్ని కంపెనీలూ ఒకే స్తంభం మీద ఉన్నాయని, డబ్బాలే వేరని. మీ పాత కంపెనీ డబ్బా మొహం ఇప్పుడు అటువైపు తిప్పారండి, అందుకే ఇటు వినబడదు, అన్నాడు. ఆవిడ మొహం వెలిగిపోయింది. అంత సంతోషం నేను ఆవిడలో ఎప్పుడూ చూడలేదు. ముగ్గురూ బయట కొట్టుకుంటున్నట్టు కనబడి ఒకే స్తంభానికి వేలాడుతున్నారని తేలింది కదా. అతనికి తాడు రెండు బారలు ఎక్కువిచ్చారు. అతను గుమ్మం దిగుతుంటే మాత్రం వెనక్కి పిలిచి, "ఆ డబ్బా తిప్పమని ఎవరు చెప్పారు?" అని అడిగారు.

చివరికి ఎర్ర తాడు పొడుగ్గా ఉంది కనక గొడుగుకే మారదామనుకున్నారు. మెసేజ్ పంపితే పాత కంపెనీనుంచి కోడ్ వచ్చింది. గొడుగతని మిషను మీద ఆవిడ వేలు పెట్టారు. పెట్టేముందు ఆ అద్దాన్ని చెంగుతో రెండుసార్లు తుడిచారు, తీశాక మళ్ళీ రెండుసార్లు తుడిచారు. నాలుగోరోజున మెసేజ్ వచ్చింది. కుదరదని.

పక్కకొట్టు వాళ్ళకు భీమవరం అని చెప్పి ఇద్దరం ఏలూరు వెళ్ళాం. పాత కంపెనీ ఆఫీసులో ఒకమ్మాయి కంప్యూటరు చూసి చాలా మర్యాదగా చెప్పింది. "ఈ నంబరు మీ పేరుమీద లేదండి, మామ్మగారూ."

ఎవరి పేరుమీద ఉందని అడిగితే అది చెప్పకూడదండి అంది. పేరు గలవాళ్ళు వచ్చి వేలుపెడితేనే ఏదైనా అవుతుందని చెప్పింది. ఆవిడ ఇంకేమీ అడగలేదు. దానికే నాకు భయం వేసింది. బస్సు కొల్లేరు మీద వంతెనెక్కాక సరస్సు మధ్యలో ఫోన్లో గీతలన్నీ పోయాయి. ఆవిడ దానివైపు చూసి, "ఇక్కడ ఎవరిదీ లేదు. ఇక్కడే నయం" అన్నారు.

దిగగానే తిన్నగా మరిదిగారబ్బాయి కొట్టుకు వెళ్ళారు. అతనిది మా పక్కనే, చేపల మేత కొట్టు. నలభై ఏళ్ళ మనిషి. ఆవిడ ఫోన్ కొన్న కొత్తల్లో రీచార్జులు అతనే చేయించేవాడు. పదిమంది ముందు, నా నంబరు నీ పేరున రాయించుకున్నావా అని అడిగేశారు. "నాకెందుకు పెద్దమ్మా నీ నంబరు?" అన్నాడు. మొహం ఎర్రబడిపోయింది. నిజంగా బాధపడ్డట్టే ఉంది. అతను బాధపడటం చూసి ఆవిడ అనుమానం ఇంకా గట్టిపడింది.

ఇది జరిగిన పది రోజులకు పొదుపు సంఘంలో నన్ను సొంత ఫోన్ నంబరు తెచ్చుకోమన్నారు. గొడుగతని దగ్గర కూర్చుని వేలుపెట్టాను. అతను మిషను చూసి, మీ కార్డుమీద ఇదివరకే ఒక నంబరుందండి అని, అంకెలు పైకి చదివాడు.

నాకు అప్పటికి చదవడం రాదు. కాని ఆ అంకెలు బేరానికొచ్చినవాళ్ళు బోర్డు చూసి పైకి చదువుతుంటే రోజూ వింటున్నవే. మా కొట్టు బోర్డు.

ఆ రోజు ఇంటికెలా వెళ్ళానో గుర్తులేదు. రెండు రోజులు ఆవిడకు చెప్పలేదు. చెబితే పని పోతుందని ఒక భయం. చెప్పకుండా ఉండి తర్వాత తెలిస్తే దొంగనవుతానని ఇంకో భయం. ఆవిడ బ్యాంకు మెసేజ్‌లన్నీ ఆ నంబరుకే వస్తాయి. మూడోరోజు మధ్యాహ్నం బెండ్లు కడుతూ, తలెత్తకుండా చెప్పాను.

ఆవిడ లేచి వచ్చి నా పక్కన గొంతుక్కూర్చున్నారు. నా కుడిచెయ్యి పట్టుకుని బొటనవేలు వెలుతురు వైపు తిప్పి, తాడు కొస చూసినట్టు చూశారు.

"ఎప్పుడు నొక్కావు?"

"మీరే నొక్కమన్నారండి. మొదటి ఫోన్ కొన్నరోజున. మీ కార్డు పెట్లోంచి తియ్యనన్నారు. నీది ఇవ్వవే అన్నారు. ఇచ్చానండి."

"నేనా?"

"మీరేనండి."

"నేనలా ఎందుకంటాను? నాకేం పని?"

ఆ ప్రశ్నకు జవాబు నా నోట్లోనే ఉంది. అనుమానమండి అని. అనలేదు. రేపటినుంచి రావద్దు, అన్నారు. నేను సగం కట్టిన వల అక్కడే పెట్టి వచ్చేశాను. తాళంచెవులు అందులోనే ఉన్నాయి.

తొమ్మిది రోజులు ఇంట్లో కూర్చున్నాను. ఆ తొమ్మిది రోజులూ నేనూ ఆవిడలాగే ఆలోచించాను. ఆవిడ నిజంగా మర్చిపోయారా? నన్ను వదిలించుకోడానికి మర్చిపోయినట్టున్నారా? ఇందులో ఆవిడకేంటి? ఒకసారి ఆ దారి పట్టాక ఎక్కడా ఆగదు. నా బొటనవేలు నేనే చూసుకునేదాన్ని. అది ఇంకా ఎక్కడెక్కడ నొక్కిందో, ఎవరెవరి కాయితాల మీద ఉందో నాకే తెలీదు. పొదుపు సంఘంలో, రేషను డిపోలో, లంకలో ఊరి చెరువు ఎవరో లీజుకి తీసుకున్నప్పుడు. నొక్కమన్నచోటల్లా నొక్కాను.

పదోరోజున మా ఇంటి ముందు ఆటో ఆగింది. ఆటో అతనితో ఇంకో ఇంటి పేరు చెప్పి, అక్కడ దిగకుండా ఇక్కడిదాకా తెచ్చుకున్నారట. అతను సణుక్కుంటూ వెళ్ళాడు. ఆవిడ లోపలికొచ్చి చెంగుముడి విప్పి ఒక పాత జిరాక్స్ కాయితం నా ముందు పెట్టారు. నా ఆధార్ కార్డు. ఏ కాయితమైనా రెండు కాపీలు తీయించి ఒకటి దాచుకోవడం ఆవిడ అలవాటు. దాని వెనక ఆవిడ చేతిరాతతో ఏదో ఉంది.

"ఏం రాసుందండి?" అన్నాను.

"'ఫోనుకి దీనిది ఇచ్చాను. నాది ఇవ్వలేదు' అని ఉంది. నా రాతే." కాయితం మడిచి మళ్ళీ చెంగున కట్టుకున్నారు. "నీకు చదువొచ్చి ఉంటే ఆ రోజే అడిగేదానివి. తప్పు నీది కూడా."

క్షమించమని ఆవిడ ఎవర్నీ అడగలేదు. ఇది దానికి అతి దగ్గరగా వచ్చిన మాట. మరిదిగారబ్బాయికి ఆ మాత్రం కూడా దక్కలేదు. నేను మంచినీళ్ళిస్తే, తాగేముందు గ్లాసులోకి చూశారు.

మర్నాటినుంచి మధ్యాహ్నం బేరాలు లేనప్పుడు వెనక వరండాలో నాకు చదువు చెప్పారు. ఆవిడ చదివింది అయిదో తరగతి. పలకా బలపం లేవు. గొడుగువాళ్ళూ టోపీవాళ్ళూ పడేసిపోయిన కాయితాలే పుస్తకాలు. పైన పెద్ద అక్షరాలు చెప్పండి, కనబడతాయి అన్నాను. "అవి నువ్వు చదవాలని వాళ్ళు వేసినవి. వద్దనుకున్నవి అడుగున ఉంటాయి. అక్కణ్ణించి మొదలెట్టు" అన్నారు. అందుకని నాకు అ ఆల కంటే ముందు ష వచ్చింది. నేను కూడబలుక్కుని చదివిన మొట్టమొదటి వాక్యం, షరతులు వర్తిస్తాయి. ఎనిమిది రోజులు పట్టింది. అది చదివిన రోజున ఆవిడ అగ్గిపెట్టె తీసి, ఆ కాయితం కొస కాల్చి వాసన చూసి, "కాయితమే" అన్నారు. నవ్వించడానికే చేశారని ఇప్పుడనిపిస్తుంది. అప్పుడు నవ్వలేదు.

ఒక్క షరతు పెట్టారు. "చదువొచ్చిందని ఎవరికీ చెప్పకు. రానట్టే ఉండు. రాదనుకుంటే నీ ముందు కాయితం దాచరు."

నాకు చదవడం వచ్చేదాకా ఆవిడ కంపెనీ మాట ఎత్తకుండా కాలవ గట్టుమీంచే మాట్లాడారు. ఏడాది తర్వాత గొడుగు కాయితం, టోపీ కాయితం రెండూ నా ముందు పెట్టి, నంబరు నీ పేరున ఉంది, ఏ కంపెనీయో నువ్వే చెప్పు అన్నారు. తాడు కొలతలు పనికిరావా అంటే, డబ్బా ఎప్పుడైనా తిప్పుతారు కదా అన్నారు. ఒక పూటంతా చదివాను. చివరికి గొడుగే అన్నాను. ఎందుకని అడిగారు. అడుగున అక్షరాలు వీళ్ళవే కాస్త పెద్దవిగా ఉన్నాయండి, టోపీవాళ్ళవి భూతద్దం పెట్టినా అందవు, అన్నాను. ఆవిడ తల ఊపారు. నాకు తెలిసి ఆవిడ ఎదురు ప్రశ్న వెయ్యకుండా ఒప్పుకున్నది అదొక్కటే.

గొడుగతని దగ్గరికి వెళ్ళి, నేను ఎంతో ముచ్చటగా సంతకం చెయ్యబోతే, సంతకాలు లేవండి ఇప్పుడు, వేలు పెట్టండి చాలు అన్నాడు. ఆవిడ నా భుజం పట్టుకుని, ముందు ఆ మిషనులో ఏం రాసుందో చూడమన్నట్టు నొక్కారు. చూశాను. నా పేరుంది, మా కొట్టు నంబరుంది. అప్పుడు పెట్టాను.

నంబరు మారే రోజు పొద్దున్నే ఫోన్ చచ్చిపోయినట్టయింది. ఆవిడ కొట్టు సగం తలుపు వేసి, ఫోన్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. భోజనం చెయ్యలేదు. అరగంటకోసారి, "ఇప్పుడు ఎవరి దగ్గరుందంటావ్?" అని అడిగారు. మూడు దాటాక మోగింది. అత్తిలి చెల్లెలుగారు. ఆవిడ ఎత్తి, పలకరింపు కూడా లేకుండా, "ఏం కూర?" అన్నారు. అటునుంచి జవాబు విని, నా వైపు తిరిగి, "దోసకాయట" అన్నారు. అప్పుడు లేచి అన్నం తిన్నారు.

తర్వాత రెండుమూడుసార్లు అడిగాను, నంబరు మీ పేరుకి మార్పించుకోండి అని. ఉండనీ అనేవారు. నామీద నమ్మకమా అనుకుని లోపల పొంగిపోయేదాన్ని. ఒకరోజు ఉండబట్టలేక, నన్ను నమ్ముతున్నారా అండీ అని అడిగేశాను. పురి విప్పుతున్న తాడుమీంచి కళ్ళు తియ్యలేదు. "నా పేరున ఉంటే నా తర్వాత ఎవడడిగినా ఇచ్చేస్తారు. నీ పేరున ఉందని ఎవడికీ తెలీదు కదా" అన్నారు. నమ్మి ఉంచారో, మిగతా ఎవర్నీ నమ్మక ఉంచారో నాకిప్పటికీ తెలీదు.

ఒంట్లో బాగోక అత్తిలి చెల్లెలుగారింటికి వెళ్తూ ఫోన్ నా చేతిలో పెట్టారు. బ్యాంకులో ఉన్నది తన తర్వాత చెల్లెలికని చెప్పారు. మళ్ళీ కలిదిండి రాలేదు.

కొట్టు ఇప్పుడు మరిదిగారబ్బాయిది. నా పనీ అతని దగ్గరే. ఇదివరకు "ఏమ్మా" అని పిలిచేవాడు, నెలమాసికం అయిన మర్నాడు "అక్కగారూ" అన్నాడు. ఆ గారు ఎక్కడినుంచి వచ్చిందా అని నేను ఆలోచిస్తుండగానే, పెద్దమ్మ ఫోన్ మీ దగ్గరుందటగా, దానికి ఏవైనా మెసేజ్‌లు వస్తే చెప్పండి అన్నాడు. బోర్డుమీది నంబరు కనక కొట్టుకి కావాలన్నాడు. అది సబబే. ఎవరో వాకబు చేసి చెప్పారు కాబోలు, నంబరు నా పేరున ఉందనీ తెలుసుకున్నాడు. ఒక కాయితం తెచ్చి, ఇక్కడ వేలుపెడితే చాలండి, నంబరు కొట్టు పేరున మారిపోతుంది అన్నాడు. కళ్ళజోడు లేదు బాబూ అన్నాను. మీకు కళ్ళజోడెందుకండీ, చదవాలా ఏంటి, అని నవ్వాడు. నేనూ నవ్వి, చేతులు తడిగా ఉన్నాయని చెప్పి, కాయితం ఇంటికి పట్టుకెళ్ళాను. పైన నంబరు మార్పిడి అనే ఉంది. అడుగున, ఈ నంబరుకు వచ్చే సమాచారమంతటిమీదా నాకే హక్కూ లేదని, ఇంతకుముందు వచ్చినదానికి కూడా అని ఉంది. అది అందరి కాయితాల్లోనూ ఉండే మాటే కావచ్చు. నాకు తెలీదు.

ఒక మధ్యాహ్నం ఆ ఫోన్‌కి ఆరంకెల మెసేజ్ వచ్చింది. బ్యాంకునుంచి. నేనేమీ అడగలేదు, చెల్లెలుగారూ అడగలేదట. పూర్తిగా చదివేలోపు అతను కొట్లోంచి వరండాలోకి వచ్చాడు. "అక్కగారూ, ఇప్పుడేమైనా మెసేజ్ వచ్చిందాండీ? అంకెలుంటాయి చూడండి."

"ఏదో వచ్చింది బాబూ. నాకు చదవడం రాదు కదా."

"ఇలా ఇవ్వండి, నేను చూస్తాను."

మెసేజ్ చివర చిన్న అక్షరాల్లో, ఈ అంకెలు ఎవరికీ చెప్పవద్దు, అని ఉంది. "ఏదో నొక్కేశాను, పోయింది" అన్నాను. ఫోన్ మాత్రం చేతిలోంచి తియ్యలేదు. అతను వెనక్కి కొట్లోకి వెళ్ళిపోయాడు. ఏదో కర్మకాండల ఖర్చు బిల్లు కోసమే అయ్యుండవచ్చు. మంచివాడే అయ్యుండవచ్చు. ఆవిడ అతన్ని పదిమందిలో అన్న మాట తప్పని నాకు తెలుసు. ఆ తప్పు నా వేలితోనే జరిగింది. అయినా ఆ అంకెలు ఇవ్వలేదు.

ఆ ఫోన్ ఇప్పుడు నా వలల గుట్టలో, బెండ్ల మధ్య ఉంటుంది. పట్టుబడి రోజుల్లో మోగుతుంది. తాడు తెగిందంటారు. ఎవరు, ఏ చెరువు అని రెండుసార్లు అడిగి, కొట్లోకి కేకవేసి తాడు పంపిస్తాను. ఒక్క బేరమూ పోనివ్వలేదు. మధ్యలో నంబరు ఎవరి దగ్గరుంటుందని ఆవిడ ఇన్ని ఊళ్ళలో ఇంతమందిని అడిగారు, ఎవరూ చెప్పలేదు. చెప్పవలసినదాన్ని నేను, పక్కనే తాడు పట్టుకుని నడిచాను.

ఇది అచ్చయితే మా కొట్లో ఎవరో ఒకరు చదువుతారు. నాకు చదువొచ్చని ఆ అబ్బాయికి తెలిసిపోతుంది. రానట్టే ఉండమన్న మాట తప్పుతున్నాను. ఎంతకాలమని రానట్టుంటాను? పని పోతే పోతుంది, కొల్లేటి చుట్టూ చిరిగిన వలలకు కొదవలేదు. తెలిశాక కూడా అతనికి ఆ నంబరు కావాలంటే ఇంకో కాయితం తెమ్మనండి. అత్తిలినుంచి చెల్లెలుగారిని కూడా పిలిచి, ఆవిడ ముందే చదువుతాను. అడుగున అక్షరాలు మాత్రం కాస్త పెద్దవిగా వేయించి తెమ్మనండి.